ఆటగాణ్ణి అడగని రోజులు

రారా, ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. మధ్యలో దానివైపు చూశావంటే కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాను, తర్వాత నీ ఇష్టం. ఇందాక భోజనాల దగ్గర ఏమన్నావు? బాస్కెట్‌బాల్‌లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ని వదిలేసి మయామీ పోయాడనీ, కెవిన్ డ్యూరంట్ తనని ఓడించిన గోల్డెన్ స్టేట్‌లోనే చేరాడనీ, ఈ కాలం వాళ్ళకి విశ్వాసం లేదనీ, పాతవాళ్ళయితే ఒకే జట్టుని నమ్ముకుని ఉండేవాళ్ళనీ అన్నావు. మీసం రాని వయసులో నువ్వు నాకు పాతకాలం గురించి చెబుతున్నావు! దూరపు కొండలు నునుపురా నాయనా. చాలామంది పోయే దారి లేక ఉండిపోయారు.

అప్పట్లో పద్ధతి ఇలా ఉండేది. కాలేజీ ముగించిన కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో ఏ జట్టు ఎంచుకుంటే ఆ జట్టుతోనే మాట్లాడుకోవాలి. ఇస్తామన్న జీతం నచ్చకపోతే ఇంట్లో కూర్చోవాలి. పైగా కాంట్రాక్టులో ఆప్షన్ క్లాజ్ అని ఒకటుండేది. గడువు తీరినా యజమాని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఆ తర్వాత కొత్త కాంట్రాక్టు, అందులోనూ అదే క్లాజ్. ఆటగాడికి తెంచుకుని పోయే వీలు లేదు గానీ, యజమాని మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు వాణ్ణి ఇంకో ఊరికి పంపేయొచ్చు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అలాగని అందరు యజమానులూ ఒకటే అననురా. 1956లో బోస్టన్ సెల్టిక్స్ కోచ్ రెడ్ అవర్‌బాక్‌కి బిల్ రస్సెల్ మీద కన్ను పడింది. వాణ్ణి తెచ్చుకోవాలంటే సెయింట్ లూయిస్ హాక్స్‌కి ఎడ్ మకాలీనీ, క్లిఫ్ హేగన్‌నీ ఇచ్చుకోవాలి. మకాలీ అంటే బోస్టన్ జనానికి ప్రాణం. యజమాని వాల్టర్ బ్రౌన్‌కి మనసొప్పలేదు. మకాలీయే ముందుకొచ్చాడు. సెయింట్ లూయిస్ తన సొంతూరు, కొడుకు జబ్బుతో ఉన్నాడు, అక్కడికి పంపితే తనకు మేలు చేసినవాళ్ళవుతారన్నాడు. ఆ బేరంతో వచ్చిన రస్సెల్ పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. మనిషిని అడిగి చేసిన బేరం కాబట్టి ఇది మొదట చెప్పాను. ఇక అడగనివి విను.

విల్ట్ చాంబర్లైన్ పేరు విన్నావు కదా? 1962లో ఒక్క ఆటలో 100 పాయింట్లు కొట్టాడు. ఆ ఏడాదే అతను పుట్టిపెరిగిన ఫిలడెల్ఫియా నుంచి వారియర్స్ జట్టుని మొత్తంగా శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళకి అమ్మేశారు. ధర 8,50,000 డాలర్లు. అదే జట్టుని పదేళ్ళ ముందు ఎడ్డీ గాట్లీబ్ కొన్నది 25,000కి! ఇప్పుడు ఆ డబ్బుకి ఏమొస్తుందో నువ్వే లెక్క వేసుకో, నీకు లెక్కలంటే భయం గానీ. 1965 జనవరిలో విల్ట్‌ని ముగ్గురు ఆటగాళ్ళకీ, 1,50,000 డాలర్లకీ ఫిలడెల్ఫియా కొత్త జట్టు సెవెంటీసిక్సర్స్‌కి ఇచ్చేశారు. ఆ ముగ్గురిలో లీ షాఫర్ అనే అతను కొత్త జట్టు గుమ్మం తొక్కనే లేదు. ఆటే మానేశాడు. ఆ రోజుల్లో ‘రాను’ అనడానికి అదొక్కటే మార్గం. విల్ట్ వెళ్ళిన రెండేళ్ళకి ఫిలడెల్ఫియా 68 ఆటలు గెలిచి టైటిల్ కొట్టింది. మరుసటేడు, 1968లో, మళ్ళీ ముగ్గురికి బదులుగా లాస్ ఏంజలెస్ వెళ్ళాడు. అన్నట్టు, విల్ట్ జీతం లక్ష డాలర్లని తెలిసి రస్సెల్ లక్షా ఒక్క డాలర్ అడిగి తీసుకున్నాడు. ఆ ఒక్క డాలర్‌కి ఉన్న రుచి నీకు తెలియదులే.

పెద్దవాళ్ళ జీతాలు అలా ఉన్నా, మిగతావాళ్ళకి వేసవిలో వేరే పని చేసుకోక తప్పేది కాదు. సెల్టిక్స్‌లో టైటిల్ మీద టైటిల్ గెలిచిన టామ్ హెయిన్‌సోన్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు. అతనే ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. 1964 జనవరి, బోస్టన్, బయట మంచు తుపాను. ఆల్-స్టార్ ఆటని టీవీలో దేశమంతటికీ చూపించే రోజు. పింఛను సంగతి తేలితేగానీ బయటికి రామని ఆటగాళ్ళంతా గదిలో కూర్చున్నారు. లాస్ ఏంజలెస్ లేకర్స్ యజమాని తన ఇద్దరు స్టార్లని వెంటనే రమ్మని కబురు పంపాడు. వాళ్ళు కదల్లేదు. చివరికి లీగ్ కమిషనర్ మాట ఇచ్చాకే ఆట మొదలైంది. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు, వాళ్ళు అడిగారు.

ఇక రిక్ బారీ కథ. ఇది మనవాళ్ళ ఇళ్ళల్లో జరిగినట్టే ఉంటుంది. 1967లో, ఇప్పటిదాకా చెప్పిన జట్లన్నీ ఆడే ఎన్‌బీఏకి అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అని పోటీ లీగ్ ఒకటి పుట్టింది, ఏబీఏ అనేవాళ్ళు. అందులో ఓక్లాండ్ ఓక్స్‌కి కోచ్ బ్రూస్ హేల్. కాలేజీలో బారీకి ఆట నేర్పింది ఆయనే, పిల్లనిచ్చిన మామగారూ ఆయనే. జట్టు యజమానుల్లో పాటగాడు పాట్ బూన్ ఒకడు. బారీ అప్పటికి వారియర్స్ ఆటగాడు, ఆ సీజన్‌లో ఎన్‌బీఏలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టినవాడు. మామగారి జట్టులో చేరతానని సంతకం పెట్టాడు. పాత యజమాని ఊరుకుంటాడా? కోర్టుకి పోయాడు. ఏబీఏలో ఆడాలంటే ఏడాదిపాటు ఆట మానుకోవాలని కోర్టు తేల్చింది. అల్లుడు పక్కన కూర్చుని చూస్తుండగా మామగారి జట్టు 78 ఆటల్లో 56 ఓడిపోయింది. ఏడాది గడిచి బారీ షూ కట్టుకునేసరికి మామగారి కోచ్ కుర్చీలో అలెక్స్ హానమ్ కూర్చుని ఉన్నాడు! ఆ సీజన్‌లో ఓక్స్ టైటిల్ గెలిచింది, గెలిచీ గెలవగానే జట్టుని అమ్మేసి వాషింగ్టన్‌కి తరలించారు. అక్కడి నుంచి వర్జీనియాకి. మామగారి కోసం వచ్చినవాడు ఊళ్ళు పట్టుకు తిరిగి, న్యూయార్క్ మీదుగా 1972లో పాత వారియర్స్‌కే చేరాడు. 1975లో వాళ్ళకి టైటిల్ తెచ్చాడు.

ఆవలిస్తున్నావా? ఇంకో కట్టె వెయ్యి. అసలు కథ ఇప్పుడే.

రెండు లీగ్‌లు పోటీ పడితే జీతాలు పెరిగాయి. యజమానులకి అది మింగుడుపడక కలిసిపోదామనుకున్నారు. దాన్ని ఆపాలని 1970లో ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో దావా పడింది. అంత పెద్ద ఆటగాడు సంఘం పేరున ముందు నిలబడటం చిన్న విషయం కాదు. పదేళ్ళు సిన్సినాటిని మోసిన మనిషిని అదే ఏడాది ఇద్దరికి మార్చి మిల్వాకీకి పంపారు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మిల్వాకీ మాత్రం మరుసటేడే టైటిల్ గెలిచింది. దావా 1976లో రాజీ అయింది, ఆప్షన్ క్లాజ్ పోయింది, అప్పుడే ఏబీఏలోంచి నాలుగు జట్లు ఇటు వచ్చి కలిశాయి.

వాటిలో న్యూయార్క్ నెట్స్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. లీగ్‌లో చేరడానికి 32 లక్షల డాలర్లు కట్టాలి. అది చాలదన్నట్టు, మా ఊళ్ళో ఆడుతున్నందుకు మాకూ ఇవ్వాలని అదే న్యూయార్క్‌లోని నిక్స్ వాళ్ళు ఇంకో 48 లక్షలు పదేళ్ళలో వసూలు చేసుకుంటామన్నారు. నెట్స్ దగ్గర ఉన్న ఆస్తి ఒక్కడే, జూలియస్ ఎర్వింగ్, డాక్టర్ జె. రెండు టైటిళ్ళు తెచ్చినవాడు. ఆ 48 లక్షలు మాఫీ చేస్తే అతన్ని ఇస్తామని నిక్స్‌ని అడిగారు. వద్దన్నారు! చివరికి 30 లక్షలకి ఫిలడెల్ఫియాకి అమ్మేశారు. ఇంటి పన్ను కట్టడానికి ఇంటి దూలం అమ్ముకున్నట్టయింది. ఆ ఏడాది నెట్స్ గెలిచింది 22, ఓడింది 60.

అప్పుడే సెయింట్ లూయిస్ స్పిరిట్స్ జట్టుని లీగ్‌లో చేర్చుకోలేదు. దాని యజమానులు సిల్నా సోదరులు కొంత డబ్బుతో పాటు, ఆ నాలుగు జట్ల టీవీ రాబడిలో ఏడో వంతు ఎప్పటికీ మాకివ్వండన్నారు. టీవీలో ఎవరు చూస్తారులెమ్మని సరేనన్నారు. మరి మా తరం తెలుగువాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఆ దేశంలో దిగిన కొత్తల్లో ఫైనల్స్ ఆటలు కూడా కొన్ని రాత్రి పదకొండున్నరకి టేపు మీద వేసేవారు. 2014లో దాదాపు 50 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ ఒప్పందంలో చాలా భాగం వదిలించుకున్నారు. ఆ సోదరులకి ఒక్క బంతి ఎగరెయ్యకుండా ఏళ్ళ తరబడి డబ్బు వచ్చింది. సరే, ఎక్కడున్నాం? మిల్వాకీలో.

మిల్వాకీకి కరీమ్ అబ్దుల్-జబ్బార్ దొరికిందే నాణెం ఎగరేస్తే. 1969లో డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కోసం ఫీనిక్స్‌తో పోటీ పడింది. ఫీనిక్స్ వాళ్ళు అభిమానులందరినీ అడిగి బొమ్మ అన్నారు, బొరుసు పడింది. 1974లో కరీమ్ యాజమాన్యాన్ని కలిసి, మీ మీద నాకేమీ కోపం లేదు, ఈ ఊళ్ళో నాకు తోచదు, న్యూయార్కో లాస్ ఏంజలెసో పంపండి అన్నాడు. కొన్ని నెలలు ఇరువైపులా గుట్టుగా ఉంచారు. ఆ మర్యాద నాకు నచ్చుతుంది. 1975 జూన్‌లో లేకర్స్‌కి వెళ్ళాడు. బదులుగా మిల్వాకీకి నలుగురు వచ్చారు. ఎల్మోర్ స్మిత్, బ్రయన్ వింటర్స్, డేవ్ మేయర్స్, జూనియర్ బ్రిడ్జ్‌మన్.

పత్రికలన్నీ కరీమ్ గురించే రాశాయి. నువ్వు ఆ నాలుగో పేరు గుర్తుపెట్టుకో. బ్రిడ్జ్‌మన్‌ని లేకర్స్ అప్పుడే డ్రాఫ్ట్‌లో తీసుకుంది, ఒక్క ఆటైనా ఆడకముందే ఊరు మార్చేసింది. మిల్వాకీలో ఎక్కువగా బెంచీ మీద నుంచి లేచొచ్చి ఆడాడు. అందరికీ ఎంత నచ్చాడంటే అతని 2వ నంబర్ చొక్కా ఇప్పటికీ ఇంకెవరికీ ఇవ్వరు. 1985లో ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడయ్యాడు. 1987లో లీగ్ మీద అతని పేరుతోనే దావా వేశారు. 1988 ఒప్పందంతో ఏడేళ్ళు ఆడి, రెండు కాంట్రాక్టులు ముగించినవాడు పాత జట్టు అనుమతి లేకుండా, బదులుగా ఎవరినీ ఇవ్వకుండా నచ్చిన చోటికి పోవచ్చని తేలింది. ఆ ఏడాదే టామ్ చాంబర్స్ సియాటెల్ నుంచి ఫీనిక్స్‌కి నడిచి వెళ్ళాడు, అలా వెళ్ళినవాళ్ళలో మొదటివాడు. నీ లెబ్రాన్ పోయిన తలుపు అదేరా.

బ్రిడ్జ్‌మన్ ఆట మానేశాక వెండీస్ హోటళ్ళు కొన్నాడు. బర్గర్లు అమ్మే దుకాణాలు. కౌంటర్ వెనక నిలబడి పని నేర్చుకుని, వంద దాటించాడు. ఆ డబ్బుతో 2024లో మిల్వాకీ బక్స్ జట్టులోనే పదో వంతు వాటా కొన్నాడు. మరుసటేడు మార్చిలో పోయాడు.