సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల సురక్షిత శుద్ధి: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు అనువైన పద్ధతులు

మరుగుదొడ్డి కట్టినంత మాత్రాన పారిశుద్ధ్యం పూర్తి కాదు. దాని కింద ఉన్న ట్యాంకు నిండిన తరువాత అందులోని మలవ్యర్థం ఎక్కడికి చేరుతున్నది అన్నది అంతే ముఖ్యమైన విషయం. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ కింద పల్లెల్లోను, పట్టణాల్లోను పెద్ద సంఖ్యలో మరుగుదొడ్ల నిర్మాణం జరిగింది. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు ఇప్పుడు ఈ రెండవ అంశం ప్రధానమైనది.

సమస్య స్వరూపం

మహానగరాలలో మురుగు భూగర్భ కాలువల ద్వారా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. హైదరాబాదు అంబర్‌పేటలోని కేంద్రం సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. చిన్న పట్టణాలకు, గ్రామ పంచాయతీలకు అంతటి వ్యవస్థ ఆర్థికంగా భారమైనది. అందువల్ల ఇక్కడి ఇళ్ళు ప్రధానంగా సెప్టిక్ ట్యాంకులపైన, సిమెంటు వరలు దింపిన గుంతలపైన ఆధారపడతాయి. ట్యాంకులో అడుగున చేరిన మడ్డిని రెండు, మూడు సంవత్సరాలకు ఒకసారి తొలగించవలసి ఉంటుంది. తొలగించిన వ్యర్థాన్ని శుద్ధి చేయకుండా పొలాల్లోనో, వాగుల్లోనో వదిలివేస్తే, ఇంటి నుంచి తొలగిన ప్రమాదం ఊరికి చేరినట్లే.

ఈ మెట్ట ప్రాంతంలో ప్రజల ఆధారం బోర్లు, చెరువులు. సోమశిల జలాశయం దిగువన పెన్నానది ఆత్మకూరు ప్రాంతం మీదుగా సంగం, నెల్లూరు వైపు సాగుతుంది. వాగుల్లో వదిలిన వ్యర్థం వాన నీటితో చెరువులకు, నదికి చేరే అవకాశం ఉంది. మలవ్యర్థంలోని బాక్టీరియా, వైరసులతో పాటు ఏలికపాముల గుడ్లు ప్రత్యేకంగా గమనింపదగినవి. ఇవి నేలలో నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి సజీవంగా ఉంటాయి.

శుద్ధిలో దశలు

ట్యాంకు నుంచి తోడిన వ్యర్థంలో నూటికి 95 పాళ్ళకు మించి నీరే ఉంటుంది. కనుక మొదటి పని నీటిని వేరు చేయడం. ఇసుక, కంకర పరచిన మడులలో వ్యర్థాన్ని పలుచగా నింపితే కొంత నీరు కిందికి ఇంకుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది. కిందికి దిగిన నీటిని కూడా విడిగా శుద్ధి చేయవలసినదే.

ఎండిన మడ్డి చూడటానికి మట్టివలె ఉన్నప్పటికీ సురక్షితమైనదని భావించరాదు. రోగకారక క్రిములు నశించడానికి వేడి, క్షారం, కాలం అనే మూడింటిలో ఏదో ఒకటి అవసరం. మడ్డిని తడి చెత్తతో కలిపి కుప్పలుగా పోసి, 15 రోజులు 55 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గని వేడిలో ఉంచి, ఆ వ్యవధిలో ఐదు సార్లు తిరగవేయడం ఒక పద్ధతి. సున్నం కలిపి పి.హెచ్. విలువను 12కు పెంచి, కనీసం 2 గంటలు నిలపడం మరొకటి. దీనివల్ల బాక్టీరియా గణనీయంగా తగ్గుతుంది కాని ఏలికపాముల గుడ్లు పూర్తిగా నశించవు. 20 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో సంవత్సరానికి పైగా నిల్వ ఉంచడం మూడవ పద్ధతి.

గ్రామాలలోని జంట గుంతల మరుగుదొడ్డి ఈ మూడవ సూత్రంపైనే పనిచేస్తుంది. ఒక గుంత నిండగానే దాన్ని మూసి రెండవ దాన్ని వాడుతారు. మూసిన గుంతను కనీసం సంవత్సరం పాటు కదపరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం, వ్యవసాయంలో వాడదలచిన మడ్డిలో ఒక గ్రాము పొడి పదార్థానికి పురుగుల గుడ్లు ఒకటి కంటే తక్కువగాను, ఇ-కోలి బాక్టీరియా 1,000 కంటే తక్కువగాను ఉండాలి.

ఇతర ప్రాంతాల అనుభవం

బెంగళూరు సమీపంలోని దేవనహళ్ళిలో 2015లో రోజుకు 6,000 లీటర్ల సామర్థ్యంతో మలవ్యర్థ శుద్ధి కేంద్రం ఏర్పడింది. అక్కడ ఎండిన మడ్డిని పట్టణ చెత్తతో కలిపి ఎరువుగా మార్చే విధానాన్ని అనుసరించారు. వరంగల్లులో రోజుకు 15,000 లీటర్ల సామర్థ్యంతో, మడ్డిని గాలి తగలకుండా అధిక ఉష్ణోగ్రతలో కాల్చి బొగ్గు పొడిగా మార్చే కేంద్రం ఏర్పాటైంది. ఈ వేడిలో క్రిములు, గుడ్లు మిగలవు. అయితే దీనికి యంత్రాలు, నిపుణులు అవసరం.

స్థానికంగా పాటించవలసిన అంశాలు

పశ్చిమ నెల్లూరులో ఎండలు ఎక్కువ కనుక ఇసుక మడులు అనువైనవి. అయితే జిల్లాకు ప్రధాన వర్షపాతం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల లభిస్తుంది. ఆ మూడు నెలలు ఆరుబయట మడులు ఎండవు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదలు ఈ కాలపు తీవ్రతకు నిదర్శనం. అందువల్ల మడులపై వెలుతురు ప్రసరించే పైకప్పు, వర్షాకాలపు నిల్వకు తగిన తొట్లు, ముంపునకు గురికాని స్థలం తప్పనిసరి.

సామర్థ్యం లెక్క సులభమైనదే. ఉదాహరణకు 3,000 ఇళ్ళ ట్యాంకులను మూడేళ్ళకు ఒకసారి ఖాళీ చేస్తే సంవత్సరానికి 1,000 ట్యాంకులు. ట్యాంకుకు 3,000 లీటర్ల చొప్పున 30 లక్షల లీటర్లు, అనగా 300 పనిదినాలకు రోజుకు 10,000 లీటర్లు.

కేంద్రం దూరం కూడా ముఖ్యమే. ఉదయగిరిలో నిండిన ట్యాంకరు ఆత్మకూరు దాకా వెళ్ళవలసి వస్తే, డీజిలు ఖర్చుకు వెరచి దారిలోనే ఖాళీ చేసే ప్రమాదం ఉంది. రెండు ప్రాంతాలకు వేర్వేరుగా చిన్న కేంద్రాలు ఉండటం మేలు.

తయారైన ఎరువును మొదట నిమ్మ, బత్తాయి వంటి తోటలకు, సామాజిక వనాలకు పరిమితం చేసి, ఆకుకూరలకు, పచ్చిగా తినే కాయగూరలకు వాడకపోవడం శ్రేయస్కరం. అమ్మకానికి ముందు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశించిన ప్రమాణాల మేరకు సీసం, కాడ్మియం వంటి లోహాలను పరీక్షించాలి.

కార్మికుల భద్రత, చట్టం

సెప్టిక్ ట్యాంకులలోని విషవాయువులు క్షణాలలో ప్రాణం తీస్తాయి. మానవ పారిశుద్ధ్య కార్మికుల నియామక నిషేధం, పునరావాస చట్టం, 2013 ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం నేరం. తొలి నేరానికి రెండేళ్ళ వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మురుగు కాలువల్లో మరణించిన కార్మికుల కుటుంబాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. ట్యాంకును యంత్రంతోనే ఖాళీ చేయించడం ఇంటి యజమాని బాధ్యత కూడా.

కేంద్ర ప్రభుత్వం 2017లో మలవ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానాన్ని ప్రకటించింది. 2020లో ఆమోదించిన స్వచ్ఛ భారత్ మిషన్ (గ్రామీణ) రెండవ దశలోను, 2021 అక్టోబరు 1న ప్రారంభమైన పట్టణ మిషన్ రెండవ దశలోను ఈ పనికి స్థానం లభించింది. ట్యాంకర్లను నమోదు చేయడం, ప్రతి ట్రిప్పునకు కేంద్రం వద్ద రసీదు ఇవ్వడం, ప్రతి ట్యాంకు ఖాళీ చేసిన తేదీని నమోదు చేయడం అనే మూడు పనులతో స్థానిక సంస్థలు దీనికి శ్రీకారం చుట్టవచ్చు. నెలలో ఎన్ని ట్యాంకులు ఖాళీ అయినవి, ఎన్ని లోడ్లు కేంద్రానికి చేరినవి అన్న రెండు అంకెలు సరిపోలినప్పుడే ఆ ఊరి పారిశుద్ధ్యం సంపూర్ణమని చెప్పవచ్చు.