యూనివర్సిటీ గుమ్మానికి హైస్కూలు మెట్లు

ప్రతి సంవత్సరం మన సంఘం సంచికలో పదవ తరగతి, ఇంటర్మీడియట్ పాసైన పిల్లల ఫోటోలు వేసుకుంటున్నాము. ఇది చాలా సంతోషించదగిన విషయం. కాని ఆ ఫోటోలు చూసిన పెద్దలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "మాస్టర్ సాబ్, మన పిల్లలకు పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో సీట్లు ఎందుకు రావటం లేదు? ఉర్దూ మీడియం వల్లనేనా?" అని అడుగుతారు. దీనికి అవును అనో కాదు అనో ఒక్క మాటలో జవాబు చెప్పటం న్యాయం కాదు. నూట యాభై ఏళ్ళ చరిత్ర కొంచెం తిరగేసి చూస్తే గాని అసలు సంగతి బోధపడదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన దేశంలో నేటి తరహా విశ్వవిద్యాలయాలు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఏర్పడినవి. వాటిలో చేరాలంటే ముందుగా ఎంట్రన్సు, అంటే మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష పెట్టేది యూనివర్సిటీయే. కాబట్టి యూనివర్సిటీ ఏది అడుగుతుందో హైస్కూలు అదే చెప్పవలసి వచ్చింది. పై చదువు అంతా ఇంగ్లీషులో నడిచేది. అంతకు ముందు 1837లోనే కంపెనీ ప్రభుత్వం కచేరీలలో ఫార్సీ స్థానం తీసివేసింది. మన ఇళ్ళలో మాత్రం పిల్లవాడికి ఖురాను పఠనం, ఫార్సీ, కొంత అరబ్బీ, కొంత లెక్కలు నేర్పించే పద్ధతే చాలాకాలం సాగింది. అది తక్కువ చదువేమీ కాదు. కాని పదమూడు పద్నాలుగేళ్ళ వయస్సుకు వచ్చేసరికి ఆ పిల్లవాడికీ యూనివర్సిటీ గుమ్మానికీ మధ్యన మెట్లు లేకుండా పోయాయి.

ఈ సంగతి అందరికంటే బాగా గ్రహించినవారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. వారు 1869లో ఇంగ్లండు వెళ్ళి, 1870లో తిరిగివచ్చారు. కేంబ్రిడ్జి లాంటి విద్యాసంస్థ మన దేశంలో కూడా ఉండాలని వారి కోరిక. అయితే అలీగఢ్‌లో వారు మొదట తెరిచినది ఏమిటి? విశ్వవిద్యాలయం కాదు, కాలేజీ కూడా కాదు. 1875 మే నెలలో ఒక బడి తెరిచారు. 1877 జనవరిలో వైస్రాయి లార్డ్ లిట్టన్ చేత కాలేజీకి శంకుస్థాపన చేయించారు. సర్ సయ్యద్ 1898లో కాలం చేశారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ 1920లో గాని రాలేదు. అంటే బడికీ యూనివర్సిటీకీ మధ్య 45 ఏళ్ళు గడిచాయి. కింది మెట్టు కట్టకుండా పైమెట్టు కట్టకూడదని ఆ బుజుర్గు మనకు చేసి చూపించారు.

ఇదే విషయం డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి జీవితంలోనూ కనిపిస్తుంది. వారు 1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, కొన్నేళ్ళకు తల్లి కూడా పోయారు. వారి హైస్కూలు చదువు ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో జరిగింది. అక్కడి నుంచి అలీగఢ్ కాలేజీకి వెళ్ళారు. తరువాత జర్మనీలో డాక్టరేటు సంపాదించారు. జామియా మిల్లియాను నిలబెట్టారు. 1967లో భారత రాష్ట్రపతి అయినారు. రాష్ట్రపతి భవనం సంగతి అందరికీ తెలుసు. ఇటావా హైస్కూలు సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. తల్లిదండ్రులు లేని పిల్లవాడిని కాలేజీ దాకా చేర్చింది ఆ హైస్కూలే.

ఇక మన హైదరాబాదు సంగతి చూద్దాం. మొదటి సాలార్ జంగ్ కాలంలో దారుల్ ఉలూం వచ్చింది. 1887లో నిజాం కాలేజీ ఏర్పడింది. అది మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం. అంటే ఇక్కడ చదివినా పరీక్ష అక్కడిది, భాష ఇంగ్లీషుది. ఎంతో తెలివిగల పిల్లలు కూడా ఆ ఒక్క గడప దగ్గరే ఆగిపోయేవారు. 1917లో సర్ అక్బర్ హైదరీ ఈ విషయం మీద నిజాం ప్రభువుకు ఒక విజ్ఞాపన సమర్పించారు. ఫర్మానా వచ్చింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. 1919లో 225 మంది విద్యార్థులతో తరగతులు మొదలైనవి. ఒక దేశభాషలో పై చదువులన్నీ చెప్పిన మొదటి ఆధునిక భారతీయ విశ్వవిద్యాలయం అదే.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతులు రెండు ఉన్నాయి. మొదటిది, క్లాసులు తెరవక ముందే, 1917లోనే అనువాద విభాగం, అనగా దారుల్ తర్జుమా తెరిచారు. మౌల్వీ అబ్దుల్ హక్ గారి పర్యవేక్షణలో చరిత్ర, లెక్కలు, సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. శాస్త్రాలకు కావలసిన మాటలు ఒక్కొక్కటే కూర్చున్నారు. రెండవది, ఉర్దూ మీడియం అన్నారని ఇంగ్లీషును బయటికి పంపలేదు. ప్రతి విద్యార్థికీ ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. చదువు అర్థం కావటానికి సొంత భాష, లోకంతో మాట్లాడటానికి ఇంగ్లీషు. ఈ రెండూ వారు ఏర్పరచిన పద్ధతిలో ఉన్నాయి.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. ఉర్దూ మన పిల్లలకు ఇంటి భాష అయినప్పుడు, తెలంగాణ పల్లెల్లోని తెలుగు పిల్లలకు అది పరాయి భాష. హైస్కూలుకు రావాలంటే వాళ్ళు ముందుగా ఆ కొండ ఎక్కవలసి వచ్చింది. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మీడియంలో చదువుకొని, ఉస్మానియాలో పట్టభద్రులై, చివరకు తెలుగు సాహిత్యానికే 1988 సంవత్సరపు జ్ఞానపీఠం తెచ్చిపెట్టారు. భాష మారినా మనిషి నిలబడగలడు అనటానికి అదొక సాక్ష్యం. ఎక్కలేక ఆగిపోయినవారి పేర్లు మాత్రం చరిత్రలో ఎక్కడా దొరకవు. నాడు వాళ్ళు ఎక్కిన కొండనే తరువాత మన పిల్లలు ఎక్కవలసి వచ్చింది. కాబట్టి ఇందులో ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకోవలసినది ఏమీ లేదు.

1948 తరువాత ఉస్మానియాలో బోధనా భాష ఇంగ్లీషుకు మారింది. బడులలో ఉర్దూ ఉండిపోయింది. నిచ్చెన కింది మెట్లు ఒక చెక్కతోనూ, పై మెట్లు ఇంకొక చెక్కతోనూ చేసినట్లయింది. నడుమ అతుకు వేయవలసిన పని ఎవరిదో తేలలేదు. ఆంధ్ర ప్రాంతంలో చూస్తే, 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించి ఎందరో పేద పిల్లలకు డిగ్రీ చదువు దగ్గర చేశారు. నేడు వారి పేరనే కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ కూడా ఉన్నది. కాని కాలేజీకి వచ్చేలోపలే, హైస్కూలు దాటగానే చదువు వదిలేసిన పిల్లలను ఏ కాలేజీ మాత్రం ఏం చేయగలదు?

ఆ తరువాత పోటీ పరీక్షల కాలం వచ్చింది. 1971లో మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. 1986లో ఎంసెట్ మొదలైంది. పాత మెట్రిక్యులేషన్ అడిగింది "నీకు ఏమి వచ్చు?" అని. ఎంసెట్ అడిగింది "నీకు ఎంత తొందరగా వచ్చు?" అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు ఇంటర్ రెండేళ్ళలో తయారు కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులలో లెక్కలు చేతికి అలవాటైన వాడికే అది వస్తుంది.

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక అందరూ చదవదగినది. 20 ఏళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీ గాని డిప్లొమా గాని ఉన్నవారు నూటికి నలుగురు కూడా లేరనీ, దేశం మొత్తం మీద సుమారు ఏడుగురు ఉన్నారనీ అది తేల్చింది. పేరుపొందిన కాలేజీలలో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని కూడా వ్రాసింది. మన పిల్లలంతా మదర్సాలలో ఉన్నారనే మాట కూడా నిజం కాదనీ, అక్కడ చదివేవారు నూటికి ముగ్గురు నలుగురేననీ అదే నివేదిక చెప్పింది. అంటే మన పిల్లలలో ఎక్కువమంది మామూలు బడులలోనే ఉన్నారు. మందు కూడా ఆ బడులలోనే పడాలి.

నిరాశ పడనక్కరలేదు. తలుపులు మూసి ఉన్నాయనటం ఇప్పుడు సరికాదు. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 2007 చట్టం ద్వారా మనలో వెనుకబడిన వర్గాలకు బి.సి. ఇ గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. మెడికల్ సీట్లకు పెట్టే నీట్ పరీక్షను సుప్రీంకోర్టు జోక్యం తరువాత 2018 నుంచి ఉర్దూలో కూడా వ్రాయవచ్చు. జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి 13 భాషలలో జరుగుతున్నది, అందులో ఉర్దూ, తెలుగు రెండూ ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశాలకు 2022లో వచ్చిన సి.యు.ఇ.టి. కూడా అంతే. ఐ.ఐ.టి.లకు పెట్టే అడ్వాన్స్‌డ్ పరీక్ష మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉన్నది. ఉర్దూలో వ్రాసి సీటు తెచ్చుకున్నా క్లాసులో లెక్చరరు చెప్పేది ఇంగ్లీషులోనే అని మాత్రం మరచిపోరాదు.

కాబట్టి పెద్దలు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. ఉర్దూ మీడియం అడ్డుగోడ కాదు. పదిహేనో ఏట, ఏ తయారీ లేకుండా, ఒక్క వేసవి సెలవులలో భాష మార్చుకోమనటమే అడ్డుగోడ. మాకు క్లాసులో రోజూ కనిపించే ఒక ఉదాహరణ చెప్తాము. ఆకు ఎండలో ఆహారం తయారు చేసుకునే పనిని మా పిల్లలు "జియాయీ తాలీఫ్" అంటారు. పక్క తెలుగు బడిలో "కిరణజన్య సంయోగక్రియ" అంటారు. ఇంటర్‌లో "ఫోటోసింథసిస్" అంటారు. ఆకు ఒక్కటే, పని ఒక్కటే. పిల్లవాడికి సంగతి తెలుసు, పేరు తెలియదు. పేరు తెలియక చెయ్యి ఎత్తడు. చెయ్యి ఎత్తకపోతే లెక్చరరు వీడికి ఏమీ రాదనుకుంటాడు. రెండు నెలలు పోతే వాడూ అదే అనుకుంటాడు.

ఎనిమిదో తరగతి నుంచి చేయదగిన పనులు కొన్ని ఇక్కడ చెప్తున్నాము. వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

ఒకటి, ప్రతి పిల్లవాడు మూడు గడులు గీసిన ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఉర్దూ మాట, ఇంగ్లీషు మాట, దాని అర్థం. రోజుకు మూడు మాటలు చాలు. మూడేళ్ళలో మూడువేల మాటలు దాటుతాయి. మన దారుల్ తర్జుమా చేసిన పనే ఇది, కాకపోతే ఇంటింటా జరగాలి.

రెండు, ఎనిమిదో తరగతిలో జాతీయ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉన్నది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదివే పేద పిల్లలకు నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తుంది. డబ్బు రాకపోయినా, నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకునే పరీక్ష భయం అక్కడే తీరిపోతుంది.

మూడు, కాగితాల సంగతి. ఒకే పిల్లవాడి పేరు బడి రిజిస్టరులో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా ఉంటుంది. ఒకచోట "మహమ్మద్" పూర్తిగా, ఒకచోట రెండక్షరాల పొట్టి రూపం. సీటు వచ్చాక దీనికోసం ఆఫీసుల చుట్టూ తిరగటం కంటే, పదో తరగతి పరీక్ష ఫీజు కట్టక ముందే సరిచేసుకోవటం మేలు. బి.సి. ఇ సర్టిఫికెట్టు, ఆదాయ సర్టిఫికెట్టు సంగతి కూడా ముందుగానే తెలుసుకొని ఉండాలి.

నాలుగు, అమ్మాయిల చదువు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, కాలేజీ దూరమని ఇంట్లో ఆగిపోవటం మనం చూస్తూనే ఉన్నాము. నలుగురు అమ్మాయిలు కలసి ఒకే కాలేజీలో చేరితే, కలసి వెళ్ళి కలసి వస్తారు. ఈ ఏర్పాటు తల్లులు మాట్లాడుకుంటే అయ్యే పని.

చదువు ఒక్క పిల్లవాడి మెహనత్‌తో అయ్యేది కాదు. అబ్దుల్ కలాం గారు రామేశ్వరంలో మొదలుపెట్టి, రామనాథపురం హైస్కూలు, తిరుచిరాపల్లి కాలేజీ దాటి, మద్రాసు ఎం.ఐ.టి.లో సీటు తెచ్చుకున్నారు. ఫీజుకు సుమారు వెయ్యి రూపాయలు కావాలి, తండ్రి దగ్గర లేవు. అప్పుడు వారి అక్క తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. మనందరికీ అక్కచెల్లెళ్ళు ఉన్నారు, గాజులు తాకట్టు పెట్టగల మనసూ ఉన్నది. కాని సీటు వచ్చిన తరువాతనే గాజులు అక్కరకు వస్తాయి. సీటు తెచ్చే పని హైస్కూలులోనే జరగాలి.

ఇప్పుడు మన సంఘం ఇచ్చే సహాయంలో ఎక్కువ భాగం పదో తరగతి పాసైన తరువాత ఇస్తున్నాము. అది ఆపమని మేము అనటం లేదు. అందులో కొంత భాగం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఆదివారాలు రెండు గంటల ఇంగ్లీషు, లెక్కల క్లాసుకు కేటాయించమని మాత్రం కోరుతున్నాము. చెప్పటానికి ఉస్తాదులం మేము సిద్ధంగా ఉన్నాము. గది, బల్బు, నల్లబల్ల, ముప్పై మంది పిల్లలు ఉంటే చాలు. రాబోయే సర్వసభ్య సమావేశంలో పెద్దలు ఈ విషయం చర్చకు తీసుకుంటారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాము.