రికార్డరు ఫైళ్ల పేర్లు

చేతిలో ఇమిడే ఆడియో రికార్డరు ప్రతి రికార్డింగుకూ తానే ఒక పేరు పెడుతుంది. అందులో ఉండేది వరుస సంఖ్య, లేదా తేదీ, లేదా రెండూ. ఎవరు పాడారు, ఏ ఊళ్లో పాడారు అన్నది దానికి తెలియదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న చర్ల ప్రాంతంలో ఈ లోటు చాలా పెద్దది. కోయ భాషా సంపద ఎక్కువగా నోటి మీదే నిలిచింది కాబట్టి అక్కడ రికార్డింగే మూలప్రతి. అదే జిల్లాలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సాకిని రామచంద్రయ్య కోయల వంశగాథలను డోలు మీద పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతు ఉన్న ఫైలు ఉత్త అంకెల పేరుతో ఎక్కడో పడి ఉంటే, అది ఉన్నా లేనట్టే.

పేర్లు పొట్టిగా ఉండటం డాస్ అనే పాత కంప్యూటరు వ్యవస్థ కాలపు వారసత్వం. అప్పట్లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలు మాత్రమే దక్కేవి. 1995లో విండోస్ 95తో పొడుగు పేర్లకు వీలు కలిగినా అలవాటు పోలేదు. జూమ్ హెచ్1 రికార్డరులో తొలి ఫైలు పేరు ఇంగ్లీషు లిపిలో 'జూమ్', దాని వెంట '0001': నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. ఒలింపస్, సోనీ రికార్డర్లలో చాలావాటికి తేదీయే పేరు. అందులో ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర వస్తాయి. అందుకే పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. డిజిటల్ కెమెరాల ఫైళ్లకు 1998లో డీసీఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి ఏర్పడింది. ఈ రికార్డర్లకు అలాంటిది లేదు.

తేదీని గుడ్డిగా నమ్మకూడదు. బ్యాటరీలు తీసి ఎక్కువసేపు ఉంచితే చాలా రికార్డర్లలో గడియారం మొదటికొస్తుంది. ఆ తర్వాతి ఫైళ్లన్నీ తప్పుడు తేదీతో పుడతాయి. వరుస సంఖ్యదీ ఇలాంటి చిక్కే. ఖాళీ కార్డు పెడితే చాలా యంత్రాలు మళ్లీ 0001 నుంచి లెక్క మొదలుపెడతాయి. రెండు కార్డులను ఒకే ఫోల్డరులోకి ఎక్కించేటప్పుడు పాత ఫైలు స్థానంలో అదే పేరున్న కొత్తది పెట్టాలా అన్న ప్రశ్నకు ఏమరపాటున ఒప్పుకుంటే, మొదటి పాట చెరిగి రెండోది కూర్చుంటుంది.

రాత్రంతా సాగే పాట ఒకే ఫైలుగా రాదు. జూమ్ హెచ్4ఎన్ వంటివి 2 జీబీ దాటగానే కొత్త ఫైలు తెరుస్తాయి. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ స్టీరియోలో ఆ హద్దు సుమారు రెండు గంటలకే వస్తుంది. ముక్కలన్నీ ఒకే పాటవని ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి.

అందుకే కంప్యూటరులోకి ఎక్కించాక ఫైలుకు కొత్త పేరు పెట్టుకోవాలి; అందులో భాష, ఊరు, తేదీ, వరుస సంఖ్య ఉండటం మేలు. అంతర్జాతీయ భాషా సంకేతాల్లో కోయది కె.ఎఫ్.ఎఫ్. ఊరి పేరు పూర్తిగా ఉండాలి: 'కొత్తగూడెం' అంటే జిల్లా కేంద్రమా, చర్ల మండలంలోని ఆర్. కొత్తగూడెమా తేలదు. యూనికోడ్ ఉన్నందున కంప్యూటరులో తెలుగు లిపి పేర్లు నిలుస్తాయి గానీ రికార్డరు చిన్న తెర మీద సాధారణంగా కనిపించవు. అందుకే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కిందిగీత చాలామందికి ఆనవాయితీ. యంత్రం పెట్టిన పాత పేరును పారేయకుండా నోటుపుస్తకంలో కొత్త పేరు పక్కనే రాయాలి.

ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 1997లో రూపొందించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ పద్ధతిలో తేదీ, సమయం, వివరణ ఫైలు లోపలే ఉంటాయి. ఆ సదుపాయం లేని రికార్డరైతే పాటకు ముందే తేదీ, ఊరు, పాడేవారు ఒప్పుకుంటే వారి పేరు నోటితో చెప్పి రికార్డు చేయాలి. ఫైలు పేరు ఎన్నిసార్లు మారినా ఆ మాటలు చెదరవు.