కడపసీమ వోటు



కడప యొకయింటి సొత్తని లోకులనుట నేను తఱచుగా వినుచుందును. చరిత్ర యట్లు చెప్పదు. 1952లోను, 1962లోను కమ్యూనిస్టుపక్షీయులగు ఎద్దుల ఈశ్వరరెడ్డిగారిని లోక్‌సభకు పంపినది యీ సీమయే. 1977లో కాంగ్రెసును, 1984లో తెలుగుదేశమును గెలిపించినదియు నిదియే. 1989 మొదలు వరుసగా నాలుగుమాఱులు వై.యస్. రాజశేఖరరెడ్డిగారిని వరించినను, 1996లో వారికి దక్కిన యాధిక్యము అయిదువేల పైచిలుకు వోట్లు మాత్రమే. 2011 ఉపయెన్నికలో వారి కుమారుని యాధిక్యము 5,45,672. మరల 2024లో, ఒకే దినమున, కడపపట్టణము శాసనసభకు తెలుగుదేశమును, కడప లోక్‌సభాస్థానము వై.యస్.ఆర్. కాంగ్రెసును ఎన్నుకొనినవి.

కావున పెద్దలారా! ఊరివోట్లను గుత్తకిచ్చు వాడుక నికనైన మానుడు. ఆ 1996నాటి యాధిక్యము రెండుమూడు పెద్దయూళ్ల వోట్లకు మించదు. ఎవరి వోటు వారికే విడువుడు.