నెల తప్పిన తొలి వారాలు: ఏజెన్సీ అంచున తెలుసుకోవాల్సినవి, అడగాల్సినవి

గర్భం తొలి వారాలంటే వేవిళ్లే గుర్తొస్తాయి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న దళిత వాడల్లో, ఆదివాసీ గూడేల్లో చాలామంది ఆడవాళ్లకు ఆ వారాలు మిరప ఏరివేతలోనో, తునికాకు కోతలోనో గడుస్తాయి. ఒక రోజు కూలి పోతుందని పరీక్ష వాయిదా పడుతుంది. ఈ కాలంలో ఒంట్లో ఏం జరుగుతుందో, ఏ సేవ హక్కుగా దక్కాలో ఒకచోట చేర్చాం.

లెక్క ఎక్కడి నుంచి?

గర్భాన్ని చివరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. మొత్తం 40 వారాలు, అంటే 280 రోజులు. అందుకే నెల తప్పేసరికే నాలుగు వారాలు నిండినట్టు. ఆశా కార్యకర్త దగ్గర మూత్ర పరీక్ష చేసే 'నిశ్చయ్' కిట్ ఉచితంగా దొరకాలి. పొద్దున తొలి మూత్రంతో చేస్తే ఫలితం స్పష్టంగా ఉంటుంది. గర్భం లేదని వచ్చినా ముట్టు రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయాలి.

ఒంట్లో మార్పులు

అలసట, రొమ్ముల నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం ముందుగా కనిపిస్తాయి. అయిదారు వారాలకు వికారం, వాంతులు మొదలై, చాలామందికి 12 వారాలు దాటాక తగ్గుతాయి. ఒకేసారి కడుపునిండా తినకుండా కొంచెం కొంచెంగా తినడం మేలు.

బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం ఆరో వారానికల్లా మూసుకుంటుంది. అప్పటికి గర్భమని తెలియనివాళ్లే ఎక్కువ. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మాత్ర మొదలుపెట్టి, 12 వారాల దాకా వాడాలి. ఆ తర్వాత ఐరన్ మాత్రలు. వాటిని టీతో మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదకరం. గుడ్డు, ఆకుకూరలు, రాగులు, పప్పులతో పాటు బాగా ఉడికిన పెద్దకూర కూడా రక్తం పట్టే తిండే. దాన్ని మానమని చెప్పే మాటకు వైద్యపరమైన ఆధారం లేదు. మందు కొట్టే చేలకు దూరంగా ఉండాలి. సారా, కల్లు, చుట్ట, గుట్కా మానాలి.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా

జ్వరమొస్తే వేవిళ్ల నీరసమని వదిలేయొద్దు. ఏజెన్సీలో అది మలేరియా కావచ్చు. గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. రక్తపు చుక్కతో వెంటనే పరీక్ష చేయించాలి. గర్భంతో ఉన్నట్టు తప్పక చెప్పాలి, ఎందుకంటే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వకూడదు.

సికిల్‌సెల్ పరీక్ష కూడా అడగాలి. భార్యాభర్తలిద్దరిలో ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దీని నిర్మూలనకు జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది.

ఆగకుండా ఆస్పత్రికి

ఎక్కువ రక్తస్రావం, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నీళ్లు కూడా ఇమడని వాంతులు, తీవ్ర జ్వరం: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. పిండం గర్భసంచి బయట నాటుకుంటే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

తొలి మూడు నెలల్లో గర్భం పోవడానికి చాలాసార్లు పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. దిష్టో, ఆమె నడకో, ఆమె తిండో కాదు. ఆమెను నిందించడం ఆగాలి.

హక్కులు

12 వారాల్లోపు పేరు నమోదు చేసి తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఇవ్వాలి. బీపీ, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగర్, మూత్రం, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఉచితం. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, మందులు, రక్తం, రవాణా ఖర్చు లేకుండా అందాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతుంది. గర్భం వద్దనుకుంటే, చట్టం పరిధిలో 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 18 ఏళ్లు నిండిన మహిళకు భర్త సంతకం అక్కర్లేదు. పెళ్లికాని మహిళలకూ ఈ చట్టం సమానంగా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తేల్చింది.

2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గుత్తికోయలు ఇరువైపులా ఉన్నారు. ఏ రాష్ట్రం కార్డు అన్న ప్రశ్న ఇక్కడ నిత్యం ఎదురయ్యేదే. పేద గర్భిణి రాష్ట్రం మారినా పథకాలు ఆమె వెంట రావాలని ఢిల్లీ హైకోర్టు 2010లో లక్ష్మీ మండల్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మన చేతిలో ఉండాలి.

మిత్రులు, విద్యార్థులు తమ వాడలో చేయగల పని ఒకటుంది. 12 వారాల్లోపు ఎంతమంది నమోదయ్యారు, ఎంతమందికి మాత్రలు అందాయి, ఏఎన్ఎం వాడ లోపలికి వస్తున్నారా లేక ఊరి దగ్గరే ఆగిపోతున్నారా? ఈ మూడింటికీ తేదీలతో జవాబులు రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు ఇవ్వండి. రాతపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగానే జవాబు కోరవచ్చు.