నేపుల్స్ బడి, చైనా దుబాసీలు

పద్దెనిమిదో శతాబ్దంలో చైనా భాషతో పాటు ఒక యూరపు భాష కూడా క్షుణ్ణంగా వచ్చిన దుబాసీలు యూరపులో తయారైన చోటు ఇటలీలోని నేపుల్స్. అక్కడ చైనా విద్యార్థుల కోసం బడి పెట్టినవాడు మతేయో రీపా అనే కతోలిక గురువు. ఆయన 1711 నుంచి బీజింగ్‌లో కాంగ్షీ చక్రవర్తి కొలువులో చిత్రకారుడిగా, రాగిరేకులపై బొమ్మలు చెక్కే పనివాడిగా ఉన్నాడు. 1723లో నలుగురు చైనా కుర్రవాళ్లను, వారికి చదువు చెప్పే ఉపాధ్యాయుణ్ని వెంటబెట్టుకుని ఇటలీకి బయల్దేరాడు. 1732లో పోపు ఆమోదంతో బడి తెరిచాడు. చైనా యువకులను మతగురువులుగా తీర్చి స్వదేశానికి పంపడం దాని లక్ష్యం. బడిలో లాటిన్, తత్వశాస్త్రం, దైవశాస్త్రం చెప్పేవారు. ఊరి భాష ఇటాలియన్ వాటితో పాటే పట్టుబడేది.

చైనాలోని కాంటన్ రేవులో ఉండే దుబాసీల భాష మాత్రం బేరసారాల వరకే పనికొచ్చేది. సుంకాలు, రాజ్య వ్యవహారాలు, దర్బారు మర్యాదలు వంటివి విప్పి చెప్పడం వారి వల్ల అయ్యేది కాదు. పైగా విదేశీయులకు చైనా భాష నేర్పితే, వారి తరఫున అర్జీ రాసిపెడితే శిక్ష తప్పేది కాదు. 1759లో కాంటన్ అధికారులపై చక్రవర్తికి ఫిర్యాదు పంపిన జేమ్స్ ఫ్లింట్ అనే ఆంగ్లేయుడు మూడేళ్లు ఖైదులో ఉన్నాడు. అర్జీ రాయడంలో సాయపడిన చైనీయుడికి మరణశిక్ష పడింది.

1792లో బ్రిటన్ తన రాయబారిగా మెకార్ట్నీ ప్రభువును చైనాకు పంపాలనుకుంది. ఆయన 1781 నుంచి 1785 దాకా మద్రాసు గవర్నరు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు దుబాసీల మీదే నడిచేవి. చైనాకు కూడా తగిన దుబాసీ కోసం ఆయన కార్యదర్శి జార్జ్ స్టాంటన్ నేపుల్స్ దాకా వెళ్లి, లి జిబియావో, కె జోంగ్‌షియావో అనే ఇద్దరిని ఒప్పించాడు. ఓడ మకావు చేరేసరికి కె భయపడి దిగిపోయాడు. చిన్నతనంలోనే ఇటలీ వచ్చిన లి మాత్రం ఆంగ్లేయుల దుస్తులు తొడిగి, కత్తి కట్టుకుని వెంట నడిచాడు.

లికి ఇంగ్లీషు రాదు. మెకార్ట్నీకి ఇటాలియన్ వచ్చు కాబట్టి మాటలు చైనా భాష నుంచి ఇటాలియన్‌లోకి, అక్కడి నుంచి చైనా భాషలోకి సాగాయి. కాగితాలు మాత్రం ఇంగ్లీషు నుంచి లాటిన్‌లోకి, ఆ తర్వాత చైనా భాషలోకి మారేవి. చక్రవర్తి ఎదుట సాష్టాంగపడే విషయమై రాయబారి ఒక లేఖ ఇవ్వవలసి వచ్చినప్పుడు, దస్తూరి పోల్చుకుంటారేమోనన్న భయంతో చైనీయులెవరూ సాపు ప్రతి రాయడానికి సాహసించలేదు. ఓడలో ఆ లిపి నేర్చుకున్న స్టాంటన్ పన్నెండేళ్ల కొడుకు థామస్ దాన్ని రాశాడు. 1793 సెప్టెంబరు 14న జెహోల్‌లో చియాన్‌లాంగ్ చక్రవర్తి దర్శనం జరిగింది. బ్రిటన్ వర్తక కోరికలు మాత్రం నెరవేరలేదు. లి చైనాలోనే మతగురువుగా ఉండిపోయి 1828లో మరణించాడు.

నేపుల్స్ బడి 1888లో ప్రాచ్య విద్యాసంస్థగా మారింది. నేడది ‘లోరియెంటాలె’ విశ్వవిద్యాలయం. చైనా భాష అక్కడ ఇప్పటికీ బోధిస్తున్నారు. రాజ్యాల మధ్య మాట నడపగల మనిషి అవసరం పడిన రోజున వెతికితే దొరకడు. అరవై ఏళ్ల ముందే ఒక గురువు బడి పెట్టి ఉంచాడు కాబట్టే బ్రిటన్‌కు దొరికాడు.