తల్లులపై పడిన నింద

1943వ సంవత్సరమున బాల్టిమోర్ నగరమందు లియో కానర్ అను బాలమనోవైద్యుడు, తమలో తామే మునిగియుండి, నిత్యక్రమమున నిసుమంత మార్పు కలిగినను తాళలేని 11మంది పిల్లల వృత్తాంతమును ప్రకటించి, ఆటిజమునకు వైద్యశాస్త్రమున స్థానము కల్పించెను. మాస్కో వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1926నాటికే ఇట్టి బాలురను వర్ణించియుండెను. ఆమెను లోకము మఱచుట విచారకరము. పిమ్మట కొందఱు పండితులు తల్లుల వాత్సల్యలోపమే ఆటిజమునకు హేతువనిరి. బిడ్డ ఆత్మనిగ్రహము కోల్పోయి విలపించిన, దోషము తల్లిది! ఎంతటి అన్యాయము! స్వయముగా నట్టి బాలుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి, మూలము నాడీమండలముననే కలదని వాదించెను. 1990 దశకమున మస్తిష్క రక్తప్రసరణమును చిత్రించు నూతన పద్ధతి వచ్చిన పిదప, ఒక గుర్తు కనబడిన మీట నొక్కుము, వేఱొకటి కనబడిన నొక్కకుము అను చిన్న పరీక్షతో ఆటిజము గలవారి నిగ్రహశక్తిని పరిశీలింపగా, మెదడు ముందుభాగమునకును తక్కిన భాగములకును నడుమ సమన్వయము భిన్నముగా నున్నట్లు కొన్ని పరిశోధనలయందు కానవచ్చెను.